దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా చాలు

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగుతారు. రానూపోనూ దాదాపు రెండు గంటలు. ఆ టైములో పుస్తకాలు చదువుదామని ఆర్నెల్లుగా చూస్తున్నారు. పుస్తకం బ్యాగులో ఉంటుంది, రెండు పేజీలు నడుస్తాయి, మూడో పేజీకల్లా చేతిలో ఫోన్ ఉంటుంది. బస్సెక్కిన రోజు చదివితే కడుపులో తిప్పుతుంది. చివర్లో "నాకు పట్టుదల లేదేమో" అని కూడా రాశారు.

పట్టుదల సంగతి పక్కన పెట్టండి. సూటిగా చెప్పేస్తాను. మొత్తం ప్రయాణమంతా చదవాలని పెట్టుకోకండి. పొద్దున పూట, దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా మాత్రమే చదవండి. అమీర్‌పేట రాగానే పుస్తకం మూసేయండి. అక్కణ్ణుంచి రాయదుర్గం దాకా ఫోనే చూసుకుంటారో, కిటికీలోంచే చూస్తారో మీ ఇష్టం. సాయంత్రం అసలు చదవకండి. చదవాలనిపించినా మొదటి నెల మాత్రం వద్దు.

ఇంత ధీమాగా చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే, ప్రయాణం. 1999 నుంచి చందానగర్‌లో ఉంటూ నాంపల్లి దగ్గర ఆఫీసుకి వెళ్లొస్తున్నాను. మొదట 218 బస్సు. 2003లో ఎమ్ఎమ్‌టీఎస్ లోకల్ రైలు వచ్చాక అందులో పదిహేనేళ్లు. 2018 సెప్టెంబరులో మెట్రో అమీర్‌పేట దాటి ఎల్‌బీ నగర్ దాకా నడవడం మొదలయ్యాక, మియాపూర్ దాకా షేర్ ఆటోలో వెళ్లి అక్కడ మెట్రో. ఈ మూడింటిలోనూ చదివాను, మూడింటిలోనూ చదవలేక మానేసిన రోజులున్నాయి. ఇంట్లో కూర్చుని చదివిన పుస్తకాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఒక ముక్క దారే ఎందుకంటే, మీ దారి ఒకటి కాదు, రెండు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట పదమూడో స్టేషన్, అరగంటకు కాస్త అటూ ఇటూ. రైలు మీకు మూడు స్టేషన్ల ముందే ఎల్‌బీ నగర్‌లో బయల్దేరుతుంది కాబట్టి సీటు దొరికినా దొరక్కపోయినా ఆనుకుని నిలబడే చోటు దొరుకుతుంది. అమీర్‌పేటలో అంతస్తు మారి నీలం లైను ఎక్కాక కథ వేరు. పొద్దున తొమ్మిదింటికి ఆ మూడు పెట్టెల్లో చెయ్యి పైకెత్తితే దించడానికి చోటుండదు. అక్కడ పుస్తకం తెరవాలని చూడటం, తెరవలేక ఫోన్ తీయడం, "ఇవాళా కుదరలేదు" అనుకోవడం. ఆర్నెల్లుగా మీకు జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. రెండో ముక్కలో ఓడిపోయి, మొదటి ముక్కలో చదివిన రెండు పేజీల్ని కూడా ఓటమి ఖాతాలో వేసుకుంటున్నారు.

లెక్క కూడా చూడండి. మామూలు సైజు తెలుగు పుస్తకం పేజీకి నాకు నిమిషంన్నర పడుతుంది. మీకు రెండు నిమిషాలే అనుకుందాం. ఎక్కి సర్దుకోవడానికి, దిగేముందు లేవడానికి పోగా ఇరవై నిమిషాలు మిగిలితే పది పేజీలు. నెలకు ఇరవై రెండు పనిదినాలంటే 220 పేజీలు. అంటే నెలకొక మోస్తరు పుస్తకం, ఏడాదికి పన్నెండు. దీనికోసం సాయంత్రం కూడా కళ్లు పొడుచుకోనక్కర్లేదు.

సాయంత్రం ఎందుకు వద్దంటున్నానంటే, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు తలలో ఇంకా ఆఫీసే తిరుగుతుంటుంది. ఒక పేరా మూడుసార్లు చదివితే పుస్తకం మీద విసుగు పుడుతుంది, ఆ విసుగు మర్నాడు పొద్దున్నకి కూడా పాకుతుంది. నేను సాయంత్రాలు కునుకు తీస్తాను. మొహమాటమేం లేదు, ఎర్రగడ్డ దాటేసరికి నిద్రలో ఉంటాను.

అలవాటు అనేది మనిషికి కాదు, చోటుకి అంటుకుంటుందని నాకు తెలిసొచ్చింది లాక్‌డౌన్‌లో. 2020 మార్చి 22న ఆగిన మెట్రో మళ్లీ సెప్టెంబరు 7న నడిచింది. ఆ అయిదున్నర నెలలు ఇంట్లోనే ఉన్నాను. పని తక్కువ, పుస్తకాలు ఎదురుగా బీరువాలో. రోజుకొకటి చదివేస్తానని మా వారితో పందెం కూడా కాశాను. మొత్తం కలిపి ఒక్క పుస్తకం పూర్తి చేయలేదు. కుర్చీలో కూర్చుంటే కుక్కర్ విజిల్, మంచం మీద పడుకుంటే నిద్ర. సెప్టెంబరులో మాస్కు పెట్టుకుని మియాపూర్‌లో ఎక్కాను. తలుపులు మూసుకున్నాయి, రైలు కదిలింది, చెయ్యి దానంతటదే బ్యాగులోకి వెళ్లింది. మార్చిలో ఆపిన పేజీ దగ్గర పాత టికెట్టు ముక్క అలాగే ఉంది.

అందుకే ముక్క దారి ఎంచుకున్నాక దానికొక గుర్తు పెట్టుకోండి. తలుపులు మూసుకునే చప్పుడు నా గుర్తు. కూర్చున్నాక కాదు, ఫోన్‌లో మెసేజ్‌లు చూసేశాక కాదు. తలుపు మూసుకోగానే పుస్తకం తెరుచుకోవాలి. నిలబడి ఉన్నా సరే, ఒక్క వాక్యమైనా సరే.

ఇరవయ్యొక్క రోజులు చేస్తే అలవాటైపోతుందని చాలామంది చెబుతారు. ఆ మాట నమ్మి ఇరవై రెండో రోజున డీలా పడకండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందితో చేసిన అధ్యయనంలో ఒక కొత్త పని చెయ్యి తిరిగి దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులైతే, కొందరికి 254 దాకా లెక్క వచ్చింది. నాకు అందులో నచ్చిన సంగతి ఇంకొకటుంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. కాబట్టి జ్వరమొచ్చిన రోజు, బాస్ ఫోన్ చేసిన రోజు లెక్కలోకి రావు.

ఇక ఫోన్ సంగతి. దీని గురించి మీకు అందరూ ఉపన్యాసాలిచ్చే ఉంటారు, నేనివ్వను. ఒక్క విషయం అడుగుతాను: మీరు గేటు దగ్గర ఫోన్‌లో క్యూఆర్ టికెట్ చూపించి లోపలికి వస్తున్నారా? అయితే చిక్కంతా అక్కడే ఉంది. గేటు దాటేసరికి ఫోన్ చేతిలో ఉంది, తెర వెలుగుతోంది, ప్లాట్‌ఫాం మీద రెండు నిమిషాల ఖాళీ ఉంది. ఇంక పుస్తకానికి చోటెక్కడిది? స్మార్ట్ కార్డు తీసుకోండి. కార్డు బ్యాగు బయటి జేబులో, పుస్తకం అన్నింటికన్నా పైన, ఫోన్ అడుగున టిఫిన్ డబ్బా కింద. ఫోన్ కావాలంటే డబ్బా బయటికి తీయాలి. ఆ మాత్రం శ్రమ ఉంటే సగం సార్లు మనమే వదిలేస్తాం. వినడానికి చిన్నపిల్లల చిట్కాలా ఉన్నా, నా మీద పనిచేసిన చిట్కా ఇదొక్కటే.

పుస్తకం ఎంపిక. ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. అందరూ గొప్పదన్న ఆరొందల పేజీల నవలతో మొదలుపెడతారు. అది ఇంట్లో కుర్చీకి మంచిదే, మెట్రోకి కాదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని, బొటనవేలు పేజీల మధ్య పెట్టి తెరిచి ఉంచాలి. రెండొందల పేజీలు దాటి, గట్టి అట్ట వేసిన పుస్తకమైతే పది నిమిషాల్లో మణికట్టు లాగేస్తుంది.

మొదటి మూడు నెలలు కథల సంపుటాలు తీసుకోండి. వారపత్రికల్లో వచ్చే కథ ఎంత ఉంటుందో చూశారుగా, ఆరేడు పేజీలు, మహా అయితే పది. మీ ముక్క దారికి కొలత పెట్టి కుట్టినట్టు సరిపోతుంది. పంజాగుట్ట దగ్గర కథ అయిపోతే అమీర్‌పేట దాకా ఆ కథ గురించే ఆలోచిస్తారు. నిన్న ఎక్కడ ఆపాం, ఈ సుబ్బారావు ఎవరు, వాడి తమ్ముడెవరు అని వెనక పేజీలు తిరగేసే పని ఉండదు. కథల తర్వాత ఆత్మకథలు, యాత్రా కథనాలు, ఉత్తరాల సంకలనాలు. వీటిలో అధ్యాయాలు పొట్టిగా ఉంటాయి, ఎక్కడ ఆపినా కథ తెగదు. నవలలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

నవలే చదవాలని పట్టుబడితే ఒక మార్గముంది, కొందరికి నచ్చదు. ఎమ్ఎమ్‌టీఎస్ రోజుల్లో ఒక లావుపాటి నవల చదవాలనిపించింది. కోఠిలో పాత పుస్తకాలు బైండింగ్ చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లి మూడు ముక్కలు చేయించాను. ఆయన కత్తి పట్టుకుని "నిజంగానే కొయ్యమంటారా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. మూడు భాగాలకీ మెత్తటి అట్టలు వేసి, వెన్ను మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు రాసిచ్చాడు. మా వారు నెల రోజులపాటు నన్ను "పుస్తకాల కసాయి" అని పిలిచారు. కానీ ఆ నవల పూర్తి చేశాను. ఆయన చెక్కుచెదరకుండా దాచుకున్న లావు పుస్తకాలు ఇప్పటికీ బీరువాలో మొదటి అధ్యాయం దగ్గరే ఉన్నాయి.

పుస్తకాలకి డబ్బు దండగనుకుంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది. డిసెంబరులో పుస్తక ప్రదర్శన పెడతారు, అక్కడ ఏడాదికి సరిపడా కథల పుస్తకాలు ఒకేసారి కొనుక్కోవచ్చు. చిక్కడపల్లి, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయాలు ఉండనే ఉన్నాయి. గ్రంథాలయం పుస్తకం తీసుకెళ్తే మాత్రం జాగ్రత్త. నేనొకటి బస్సు సీట్లో మర్చిపోయి దిగిపోయాను. డిపోకి వెళ్లి అడిగినా దొరకలేదు, వెల కట్టాను. అప్పటినుంచి చదవడం ఆపగానే పుస్తకం ఒళ్లో కాక బ్యాగులో పెట్టేయడం నేర్చుకున్నాను.

ఫోన్‌లోనే చదవకూడదా అని అడుగుతారేమో. చదవొచ్చు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం వాళ్ల వెబ్‌సైట్‌లో పాత పత్రికల్లోని కథలు స్కాన్ చేసి పెట్టారు. నేను చాలా కథలు అక్కడే చదివాను. కానీ స్కాన్ చేసిన పేజీ ఫోన్ తెర మీద చిన్నగా కనిపిస్తుంది. పెద్దది చేస్తే వాక్యం సగం తెర బయటికి పోతుంది, వేలితో అటూ ఇటూ జరుపుకోవాలి. మన ఒత్తులు, దీర్ఘాలు మసకబారితే ఒక మాటకి ఇంకో మాట చదివేస్తాం. ఫోనే దిక్కైతే ముందురోజు రాత్రి ఇంట్లో దించుకుని, ఎక్కాక నెట్ ఆపేయండి. నెట్ ఉంటే మళ్లీ మీ మూడో పేజీ కథే.

కడుపులో తిప్పడం గురించి. మీలో లోపమేం లేదు. కళ్లు పేజీ మీద నిలబడి ఉంటాయి కాబట్టి "కదలడం లేదు" అంటాయి. లోపలి చెవిలో ఒంటి తూకం చూసే భాగం "కదులుతున్నాం" అంటుంది. ఈ రెండు కబుర్లూ పొసగక తల తిరుగుతుంది. బస్సు కుదుపులకి, మలుపులకి, మాటిమాటికీ వేసే బ్రేకులకి ఇది ఎక్కువ. మెట్రోలో తక్కువే కానీ పక్కవాటుగా ఉండే సీట్ల వల్ల కొంతమందికి అక్కడా ఉంటుంది. బస్సులో చక్రాల మీది సీటు, వెనక సీట్లు వద్దు. మధ్యలో, ముందుకి చూసే కిటికీ సీటు మేలు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని మెడ వంచొద్దు, ఛాతీ ఎత్తుకి లేపి పట్టుకోండి. పేజీ అయిపోగానే తలెత్తి దూరంగా ఉన్న దేన్నైనా చూడండి. ఇన్ని చేసినా తిప్పుతుంటే మొండికెయ్యకుండా మానేయండి.

218 బస్సులో నేను చివరికి చేసిందేమిటంటే, బస్సు ఆగినప్పుడే చదివేదాన్ని. అప్పట్లో మెట్రో లేదు, కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజాగుట్ట దగ్గర ఆగడానికి కొదవ లేదు. ట్రాఫిక్‌ని తిట్టుకోని ప్రయాణికురాలు ఆ బస్సులో బహుశా నేనొక్కదాన్నే. ఇప్పుడు మహాలక్ష్మి పథకం వచ్చాక, అంటే 2023 డిసెంబరు నుంచి, ఆడవాళ్లకి టికెట్ లేదని నేనూ అప్పుడప్పుడూ బస్సెక్కుతాను. టికెట్ డబ్బులు మిగులుతాయి, చదవడానికి మాత్రం చోటు మిగలదు. ఆ రోజుల్లో చెవిలో కథ పెట్టుకుంటాను. వినడం చదవడం కింద లెక్కకొస్తుందా అని కొందరు వాదిస్తారు. మా అమ్మమ్మకి అక్షరం రాదు, రాత్రుళ్లు ఎవరైనా చదువుతుంటే విని, భారతం కథంతా వరసగా చెప్పేది. ఆవిడతో ఎవరైనా ఈ వాదన పెట్టుకుని ఉంటే చూడాలని ఉండేది. ఒక చెవి మాత్రం ఖాళీగా ఉంచుకోండి, దిగే చోటు వినపడాలి.

మీరు అడగలేదు కానీ తోటి ప్రయాణికుల సంగతి కూడా చెప్పాలి. ఎమ్ఎమ్‌టీఎస్ ఆడవాళ్ల పెట్టెలో రోజూ అవే ముఖాలు. ఒకావిడ చిక్కుడుకాయలు ఒలిచేది, ఒకావిడ చీరకి ఫాల్ కుట్టేది, అందరూ మాట్లాడుకునేవారు. నేను పుస్తకం తీస్తే మొదట్లో "ఈమెకి బాగా పొగరు" అనుకున్నారట, తర్వాత వాళ్లే చెప్పారు. ఏం చేశానంటే, చందానగర్ నుంచి హైటెక్ సిటీ దాకా కబుర్లు, ఆ తర్వాత పుస్తకం. వాళ్లకి కూడా అదే చెప్పాను. వారం తిరిగేసరికి చిక్కుడుకాయల పిన్నిగారే, "హైటెక్ సిటీ వచ్చింది, ఇంక నువ్వు చదువుకో" అని గుర్తు చేసేది. నెల తర్వాత "నిన్నటి కథలో ఆ పిల్ల పుట్టింటికి వెళ్లిందా లేదా?" అని అడగడం మొదలుపెట్టింది. ఆవిడకి కథ చెప్పాలి కాబట్టి నేను కథ పూర్తి చేయాల్సొచ్చేది. మీకూ రోజూ కలిసే సహోద్యోగి ఉంటే తప్పించుకు తిరగొద్దు, దారి పంచుకోండి. అమీర్‌పేట తర్వాత కబుర్లు పెట్టుకుంటే రద్దీ కూడా తెలియదు.

ఇంకో హెచ్చరిక, మీ వయసు నాకు తెలియదు కాబట్టి. నలభై మూడో ఏట నాకు హఠాత్తుగా చదవబుద్ధి కావడం మానేసింది. పేజీ తీస్తే తలనొప్పి, ఆవలింతలు. వయసుతోపాటు ఆసక్తి చచ్చిపోయిందని బాధపడ్డాను కూడా. ఒకరోజు పక్కనున్నామె, "ఏంటండీ, పుస్తకం అంత దూరంగా పట్టుకున్నారు?" అంది. చత్వారం. కళ్లజోడు పెట్టుకున్న మర్నాడే ఆసక్తి తిరిగొచ్చింది. మీరు నలభై దాటి ఉంటే పుస్తకాన్ని, ఫోన్‌ని తిట్టేముందు కళ్లు చూపించుకోండి.

అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా ఏం చేయాలో మీ ఇష్టమన్నాను కదా. చేతులు ఊరుకోకపోతే ఒక పని చేయొచ్చు. రాత్రి ఒక చిన్న కాగితం మీద ఒక శతక పద్యం రాసుకోండి. నాలుగు పాదాలే కాబట్టి అరచేతిలో పట్టేస్తుంది. ఆ కిటకిటలో కూడా చెయ్యి కాస్త విప్పి ఒక పాదం చూసి, కళ్లు మూసుకుని మనసులో చెప్పుకోవచ్చు. మాదాపూర్ వచ్చేసరికి రెండు పాదాలు, రెండో రోజుకి నాలుగూ. ఇలా నేను యాభై పైచిలుకు పద్యాలు నేర్చుకున్నాను. కొన్ని చీటీలు చెమటకి తడిసి అక్షరాలు చేతికంటుకునేవి. ఆఫీసులో సంతకం పెడుతుంటే అరచేతిలో ద్విత్వాక్షరాలు కనిపించేవి.

చివరగా, స్టేషన్ తప్పుతారు. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఒకరోజు తప్పుతారు, మీరైతే ఎస్సార్ నగర్‌లో తేలతారు. నాకు "అసెంబ్లీ" అని వినపడగానే పుస్తకం మూసెయ్యాలని నియమం ఉంది. ఆ రోజు అసెంబ్లీ వినపడలేదు, నాంపల్లి కూడా వినపడలేదు. తలెత్తేసరికి గాంధీ భవన్. కంగారుగా దిగేశాను. ఎదురు ప్లాట్‌ఫాంకి వెళ్లాను, వెనక్కి వెళ్లే రైలు నాలుగు నిమిషాల్లో ఉందని బోర్డు చూపిస్తోంది. ఎలాగూ ఆలస్యమైంది, కథలో ఇంకా రెండు పేజీలున్నాయి. బెంచీ మీద కూర్చున్నాను. ఆ రైలు వెళ్లిపోయింది, తర్వాతిదాంట్లో ఎక్కాను.